నిశ్శబ్దం లేక గందరగోళం

దరియాలతిప్ప,
20 ఆగస్టు 2006

అన్నయ్యకి,

వరద తీసింది. మూడు రోజులుగా ఎండ కాస్తోంది. బళ్ళో నీళ్ళు అరుగు దాకా వచ్చి ఆగిపోయాయి, లోపలికి రాలేదు. అయినా గదులన్నీ చెమ్మ. ఆదివారమైనా నేనూ శ్రీనివాసరావు మాస్టారూ వెళ్ళి బెంచీలు బయటికి లాగి ఎండలో పెట్టాం. తడిసిన పుస్తకాలు తీగమీద ఆరేశాం. ఇంటికొచ్చి అన్నం తిని ఇది రాస్తున్నాను.

ఫోను చెయ్యమన్నావు. ఫోనులో నువ్వు సగం వినగానే "సరే, సరే" అంటావు. అందుకని ఉత్తరం.

మీ శిక్షణ సంస్థ నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు సాయిదివ్య. తెలుగమ్మాయే గాని మద్రాసులో పుట్టి పెరిగిందట. ఎం.ఎడ్. చదివింది. యానాంలో గది తీసుకుని రోజూ ఆటోలో వస్తోంది. ఒక పూట నా నాలుగో తరగతిలో, ఒక పూట మాస్టారి ఐదో తరగతిలో వెనక బెంచీమీద కూర్చుంటుంది. చేతి గడియారం చూసుకుంటూ ఐదు సెకన్లకొకసారి కాగితంమీద ఒక గీత పెడుతుంది. నేను ఏం చెబుతున్నానో పట్టించుకోదు, ఎవరు మాట్లాడుతున్నారో మాత్రం చూస్తుంది.

మొదటి రోజు పిల్లలు పాఠం వినలేదు. వెనక్కి తిరిగి ఆ గీతలే చూశారు. చివరికి ఆంథోనీ లేచి, "టీచరండీ, ఆవిడికి ఇంపోజిషను మీరే ఇచ్చారాండీ?" అని అడిగాడు.

ఆ కాగితం తయారుచేసింది మూర్తి సార్ అని ఆ అమ్మాయే చెప్పింది. నువ్వు మా అన్నయ్యవని నేను చెప్పలేదు. చెప్పమంటే చెబుతాను. ఆ గీతలు దేనికో ఒక ముక్క రాయి.

తులసి

*

పాండిచ్చేరి,
4 సెప్టెంబరు 2006

చి. సౌ. రామతులసికి,

ఆశీస్సులు. వరద మిమ్మల్ని ఇబ్బంది పెట్టనందుకు సంతోషం.

ఆ పత్రం నేనే తయారుచేశాను. రెండేళ్ళు పట్టింది. ముందు ఇంగ్లీషులో రాశాం, తరవాత తమిళం, చివరికి యానాం బళ్ళ కోసం తెలుగు. మనం చదువుకునే రోజుల్లో ఇన్‌స్పెక్టరు వచ్చి, కొబ్బరినీళ్ళు తాగి, "తృప్తికరం" అని రాసి వెళ్ళిపోయేవాడు. పిల్లలకి చదువు వస్తోందో లేదో ఎవరికీ తెలిసేది కాదు. మా పద్ధతిలో ఎవరి అభిప్రాయమూ ఉండదు. గీతలే ఉంటాయి. టీచరు చెప్పడం ఒక గడి, టీచరు అడగడం ఒకటి, పిల్లల జవాబు ఒకటి, పిల్లలు తమంతట తాము అడగడం ఇంకొకటి. ఆఖరి గడి "నిశ్శబ్దం లేక గందరగోళం". ఆ రెండింటికీ ఒకే గడి ఎందుకని కొందరు అడిగారు. రెండింటిలోనూ రాసుకోవడానికి మాట దొరకదు కదా.

పిల్లల గొంతు ఎక్కువ వినపడిన తరగతిలో చదువు బాగా సాగుతున్నట్టు లెక్క. టీచర్ల పేర్లు మా దగ్గరికి రావు. నెంబర్లే వస్తాయి. ఇది కేవలం అధ్యయనం. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు.

నువ్వు నా చెల్లెలివని అక్కడ చెప్పకు. ఇక్కడ కూడా ఎవరికీ తెలియదు. ఆఫీసుకి ఫోను చెయ్యకు.

మీ వదిన అడిగానని రాయమంది.

ఆశీస్సులతో,
శ్రీరామచంద్రమూర్తి

*

దరియాలతిప్ప,
15 అక్టోబరు 2006

అన్నయ్యకి,

నీ కాగితంలో ఒక తప్పుంది. నీకు తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

మాస్టారి తరగతి ఎలా ఉంటుందో చెబుతాను. గోడ అవతలే కాబట్టి నాకు ప్రతి ముక్కా వినపడుతుంది. ఆయన ఒక వాక్యం చెప్పి "అర్థమైందా?" అంటారు. పిల్లలందరూ కలిసి "ఆయ్" అంటారు. చంద్రుడిమీద గాలి లేదు, అర్థమైందా? ఆయ్. గౌతమి సముద్రంలో కలుస్తుంది, అర్థమైందా? ఆయ్. మొన్న ఆయన మనసు ఎక్కడో ఉండి ఏడు తొమ్మిదులు డెబ్బై రెండు అన్నారు. దానికీ ఆయ్ అన్నారు. సాయిదివ్య ఆ ఆయ్‌లన్నిటినీ పిల్లల జవాబు గడిలో వేస్తోంది. యానాం మొత్తంలో ఇంత బాగా జవాబు చెప్పే తరగతి ఇంకోటి లేదని ప్రధానోపాధ్యాయురాలు సత్యవతమ్మగారితో అందట.

మాస్టారు చెడ్డవారు కాదు. వరదప్పుడు పిల్లల్ని భుజాలమీద దాటించారు. ఆయన చదువుకున్న బళ్ళో అలాగే చెప్పేవారు, ఆయనా అలాగే చెబుతున్నారు.

మనవైపు ఆయ్ అంటే ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు. మావారు రొయ్యల చెరువు దగ్గర కూలీని "రేపు తెల్లారగట్లే రావాలిరా" అంటారు. వాడు "ఆయ్" అంటాడు. రాడు. వాడు అబద్ధమాడినట్టు కాదు. మీ మాట వినపడింది, మీరు పెద్దవారు, అని చెప్పాడు. అంతే.

ఈ పిల్లలు రెండో తరగతి నుంచీ నా దగ్గరే ఉన్నారు. వచ్చిన కొత్తల్లో వాళ్ళకి ఒకటే చెప్పాను. ఆయ్ నాకొద్దు, తెలిస్తే తెలిసిందనండి, తెలియకపోతే తెలియలేదనండి అని. అది మాన్పించడానికి ఒక ఏడాది పట్టింది. ఇప్పుడు నేను లెక్క ఇచ్చి ఊరుకుంటాను. వాళ్ళూ ఊరుకుంటారు. కొందరు పైకప్పు చూస్తారు. ఆంథోనీ వేలితో నేలమీద రాసుకుంటాడు. మొన్న రొయ్యల మేత లెక్క ఇచ్చాను. రోజుకి ఇన్ని బస్తాలైతే నెలకి ఎన్ని అని. చాలాసేపటికి చిట్టెమ్మ లేచింది. వాళ్ళ మామ్మ మార్కెట్లో చేపలమ్ముతుంది. రెండేళ్ళపాటు తరగతిలో నోరు విప్పని పిల్ల అది. "టీచరండీ, రొయ్య పెరిగితే మేత పెరగదేంటండీ? నెలంతా అంతే ఏత్తే అది సచ్చిపోద్దండి" అంది. లెక్క మార్చి మళ్ళీ ఇవ్వాల్సి వచ్చింది.

దానికి సాయిదివ్య ఒక గీత పెట్టింది. అంతకుముందు ఊరుకున్నంతసేపూ ఆఖరి గడిలో వరసగా గీతలు పెట్టింది. బెల్లు కొట్టాక వచ్చి, "మేడం, మధ్యలో మీ క్లాస్ ఆగిపోయింది కదా, ఏమైంది?" అని అడిగింది.

"ఆగలేదమ్మా. పిల్లలు ఆలోచిస్తున్నారు."

"ఆలోచనకి గడి లేదు మేడం," అంది. పాపం, నిజంగానే వెతికింది, కాగితం అటూ ఇటూ తిప్పి.

"ఆయ్ అంటే అవును అనేగా మేడం?" అని కూడా అడిగింది. అవునన్నట్టే గాని అవును కాదమ్మా అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. నాకూ అంతకంటే చెప్పడం రాలేదు. నువ్వైతే చెప్పగలవు.

తులసి

*

పాండిచ్చేరి,
9 నవంబరు 2006

చి. సౌ. తులసికి,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ఆ మాట విని ఎన్నాళ్ళైందో. నాన్న "లెక్కలు చేశావట్రా" అంటే ఆయ్ అని గోదారికి పోయి ఈతకొట్టేవాణ్ణి.

అయితే ఒక పరిశోధనని ఒక ఊరి మాటకోసం మార్చలేం. ఎక్కడైనా పొరపాట్లు కొన్ని అటూ, కొన్ని ఇటూ పడి చివరికి సరిపోతాయి. శాస్త్రం ఆ మాట చెబుతుంది.

ఇంకొకటి. నువ్వు పైకి రాయకపోయినా ఎందుకు రాశావో నాకు తెలుసు. మీ బళ్ళో కాంట్రాక్టు టీచర్లు నువ్వూ ఆ మాస్టారూ, మీ ఇద్దరిలో వచ్చే ఏడు ఒకరినే ఉంచుతారన్న మాట ఇక్కడా వినపడుతోంది. దానికీ మా పత్రాలకీ సంబంధం లేదనే అనుకుంటున్నాను. ఉన్నా, నేను కల్పించుకుంటే రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తారు. నా పరిస్థితి నువ్వు అర్థం చేసుకోవాలి.

పిల్లల్ని కాస్త మాట్లాడించు. తప్పేముంది?

అన్నయ్య

*

దరియాలతిప్ప,
3 డిసెంబరు 2006

అన్నయ్యకి,

నేను నిన్ను ఏమీ అడగలేదు. కాగితంలో తప్పుందని చెప్పాను.

ఒకరినే ఉంచుతారన్న సంగతి నాకు నీ ఉత్తరం వల్లే తెలిసింది. సత్యవతమ్మగారిని అడిగాను. ఆవిడ తలుపు దగ్గరికేసి, "ఆ కాగితాలు చూసే తేలుస్తారంట తులసీ. నాకూ మొన్ననే చెప్పారు. నువ్వు బాధపడతావని ఊరుకున్నాను" అంది. నువ్వూ అందుకే ఊరుకున్నావనుకుంటాను.

ఐదో తరగతి పని నవంబరుతో అయిపోయింది. మాస్టారి కాగితాలు పాండిచ్చేరి వెళ్ళిపోయాయి. నా తరగతిలో సరిపడా మాటలు దొరకలేదట. అందుకని సాయిదివ్య జనవరి ఆఖరు దాకా నా దగ్గరే కూర్చుంటుంది. "మీకు ఇంకో ఛాన్స్ మేడం" అంది. మంచిగానే అంది.

మావారికి చెప్పాను. "దానికింత ఆలోచనెందుకు? నువ్వూ ఆయ్ అనిపించు. పోయేదేముంది, గాలేగా" అన్నారు. ఆరేళ్ళ నుంచి ఈ బళ్ళో చెబుతున్నాను. వానాకాలం చెరువుల పని లేనప్పుడు ఇల్లు నా జీతంమీదే నడుస్తుంది. ఆయన మాట తీసిపారెయ్యలేను.

నువ్వు ఏమీ చెయ్యొద్దు.

తులసి

*

పాండిచ్చేరి,
22 జనవరి 2007

చి. సౌ. తులసికి,

ఆశీస్సులు. నువ్వు ఏమీ చెయ్యొద్దన్నావు. చేశాను. ముందు కోప్పడకుండా చదువు.

క్రిస్మస్ ముందు మా డైరెక్టరుగారి గదిలో మీటింగు జరిగింది. ఆయన తమిళంలో గంటసేపు మాట్లాడారు. నేను ప్రతి మాటకీ "సరి సార్" అన్నాను. బయటికొచ్చాక నా కింద పనిచేసేవాడు "సార్, మనం దేనికి ఒప్పుకున్నాం?" అని అడిగితే నాకు గుర్తులేదు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ రాత్రి నీ అక్టోబరు ఉత్తరం తీసి మళ్ళీ చదివాను.

మర్నాడు డైరెక్టరుగారికి నోటు పెట్టాను. ఎవరి పేరూ రాయలేదు. గోదావరి ప్రాంతంలో "ఆయ్" జవాబు కాదు, విన్నట్టు మర్యాదకి చెప్పే మాట, దాన్ని పిల్లల జవాబుగా లెక్కెయ్యడం తప్పు అని రాశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి ఎదురు చెప్పాను. ఆయన రెండు వారాలు తిప్పి ఒప్పుకున్నారు. ఇకనుంచి ఆయ్ వినపడితే ఆ గీత ఆఖరి గడిలో వేస్తారు, నిశ్శబ్దం లేక గందరగోళం కింద. అయితే నవంబరు దాకా వచ్చిన పత్రాలు అప్పటికే టైపై ఢిల్లీకి వెళ్ళాయి. వాటిని తిరగదోడడం కుదరదన్నారు. డిసెంబరు నుంచి వచ్చినవాటికే ఈ సవరణ. అదైనా నయమే. నీ తరగతి లాంటి తరగతులకి ఇప్పటికి కొంత న్యాయం జరిగింది.

ఇంకో సంగతి. సవరణ కోసం డిసెంబరు, జనవరి పత్రాలు నేనే స్వయంగా చూశాను. యానాం నుంచి వచ్చినవాటిలో ఒక టీచరు పని బయటపడింది. పాత నకళ్ళు తీసి పోల్చాను. ఆగస్టు నుంచి ఆ తరగతిలో పిల్లల గొంతే లేదు. డిసెంబరు రెండో వారం నుంచి ఒక్కసారిగా ప్రతి వాక్యానికీ వెంటనే ఒక జవాబు గీత, అంటే ఆయ్. పరిశీలకురాలు ఉందని వేయించిన వేషమని చూడగానే తెలిసిపోతుంది. పత్రం చివర ఎర్రసిరాతో "పిల్లలకు తర్ఫీదు ఇచ్చి చెప్పించినది, నమ్మదగదు" అని రాసి సంతకం పెట్టాను. ఇలాంటివాళ్ళ వల్లే నీలాంటివాళ్ళకి అన్యాయం జరిగేది.

నీ మాట నిలబెట్టాను. సంతోషమేగా?

అన్నయ్య

*

దరియాలతిప్ప,
23 జనవరి 2007

అన్నయ్యకి,

డిసెంబరులో నీకు కోపంగా రాశాను. ఇది చదివి నవ్వుకో.

నువ్వు చెప్పినట్టే చేశాను. పిల్లల్ని మాట్లాడించాను. మొదటి రోజు సాయిదివ్య రాకముందే తలుపేసి, ఇకనుంచి నేను "తెలిసిందా" అంటే అందరూ ఆయ్ అనాలని చెప్పాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తెలవకపోతేనండి?" అన్నాడు ఆంథోనీ.

"తెలియకపోయినా అనాలి."

"మరి మీరే వద్దన్నారు కదండీ?"

"ఇప్పుడు నేనే అనమంటున్నాను."

"ఆవిడ కోసమాండీ?" అన్నాడు. నేను బల్ల గుద్దాను. వాణ్ణి కొట్టలేదు గాని కొట్టినంత పని చేశాను.

మాన్పించడానికి ఏడాది పట్టినది నేర్పించడానికి ఒక పూట చాలింది. వాళ్ళకి అది పుట్టినప్పటి నుంచీ వచ్చు. ఇప్పుడు నా తరగతి మాస్టారి తరగతికంటే బాగా పలుకుతోంది. గోడ అవతలి నుంచి ఆయనే వచ్చి, "ఏంటమ్మా తులసమ్మా, మీ పిల్లలకి గొంతులొచ్చినియ్యి" అని మెచ్చుకున్నారు. సాయిదివ్య సంతోషపడింది. మద్రాసు వెళ్ళొచ్చినప్పుడు నాకు జడపిన్నులు తెచ్చింది.

చిట్టెమ్మ అడగడం మానేసింది. అందరితోపాటు ఆయ్ అంటోంది. పిల్లలకి ఇది హాయిగా ఉంది. నాక్కూడా పని తక్కువగా ఉంది. వాక్యం చెప్పడం, ఆయ్ అనిపించుకోవడం, ఇంకో వాక్యం. సాయంత్రానికి గొంతు తప్ప ఏదీ అలసిపోదు. మాస్టారు ఇన్నేళ్ళూ ఎలా నెగ్గుకొచ్చారో తెలిసింది.

సాయిదివ్య ఆఖరి కాగితాలు ఈ నెలాఖరుకి పంపుతుంది. ఇక నా పోస్టుకి ఢోకా ఉండదని సత్యవతమ్మగారు అన్నారు. నువ్వు నాకోసం ఏమీ చెయ్యనవసరం లేకుండా అయింది. ఒక భారం దిగిందనుకో.

తులసి

*

పాండిచ్చేరి,
29 జనవరి 2007

తులసీ,

నీ నెంబరు ఎంత? వెంటనే రాయి.

అన్నయ్య

*

దరియాలతిప్ప,
6 ఫిబ్రవరి 2007

అన్నయ్యకి,

పదిహేడు.

సాయిదివ్యని అడిగితే చెప్పకూడదు మేడం అంది. కాసేపు నా మొహం చూసి, కాగితం మూల నెంబరుమీద పెట్టిన వేలు తీసి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

నీ ఉత్తరమూ నా ఉత్తరమూ దారిలో ఎక్కడో ఎదురుపడి ఉంటాయి. నీది అందిన రోజే ఆ టీచరు నేనేనని తెలిసింది. అయినా ఇంకొకరై ఉండొచ్చని రెండు రోజులు అనుకున్నాను.

ఎర్రసిరాతో రాసింది తప్పు కాదు. పిల్లలకి తర్ఫీదు ఇచ్చే చెప్పించాను. నమ్మదగదన్నావు. అదీ నిజమే. నీ ఉద్యోగంలో నువ్వు ఇంత సరిగ్గా చూసింది ఇదొక్కటేనేమో. దాన్ని చెరపకు.

ఆయ్ మళ్ళీ మాన్పిస్తున్నాను. ఈసారి వాళ్ళు నా మాట నమ్మడం లేదు. ఏ వారం ఏది అనాలో కనుక్కుని మరీ కూర్చుంటున్నారు.

తులసి

*

పాండిచ్చేరి,
12 మార్చి 2007

చి. సౌ. తులసికి,

రాయడానికి ఆలస్యమైంది.

చెరపకన్నావు గాని డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. పదిహేడో నెంబరు టీచరు గురించి తొందరపడి రాశాను, తీసేస్తానని అడిగాను. ఎందుకు తీసెయ్యాలి అన్నారు. ఆమె అలాంటి టీచరు కాదు సార్ అన్నాను. మీకెలా తెలుసు అన్నారు. ఫైలు మూసి నా వంకే చూస్తూ కూర్చున్నారు. నువ్వు నా చెల్లెలివన్న ఆ ఒక్క మాట చెబితే నీ మీద రాసినదీ పోయేది కాదు, నేను పెట్టిన నోటు కూడా చెల్లెలి కోసం పెట్టినదే అయ్యేది, సవరణా పోయేది. "సరి సార్" అని వచ్చేశాను.

నీకు ఉత్తర్వు ఈపాటికి అంది ఉంటుంది. శ్రీనివాసరావు గారిని ఉంచుతారు. ఆయన తరగతి అన్నిటికంటే ముందుంది కాబట్టి ఏప్రిల్లో ఇక్కడికి పిలిపించి, పిల్లల్ని మాట్లాడించడం ఎలాగో మిగతా టీచర్లకి చూపించమంటున్నారు. పిలుపు మా సెక్షన్ నుంచే వెళ్ళింది. సంతకం నాదే.

బావగారు ఏమన్నారు? ఒకసారి ఫోను చెయ్యి. ఆఫీసుకైనా ఫరవాలేదు.

అన్నయ్య

*

దరియాలతిప్ప,
2 ఏప్రిల్ 2007

అన్నయ్యకి,

ఉత్తర్వు అందింది. మావారి మాట అడిగావు. చెరువుల దగ్గర మేత లెక్కలు చూసే మనిషి కావాలట, వచ్చే నెల నుంచి నన్ను రమ్మంటున్నారు.

మాస్టారికి నా సంగతి తెలిసి రెండు రోజులు నాకెదురుపడకుండా తిరిగారు. తరవాత వచ్చి, "నేనేం చేశానమ్మా, ఎప్పుడూ చెప్పేదే చెప్పాను" అన్నారు. అవును మాస్టారూ అన్నాను. పాండిచ్చేరిలో ఏం చూపించాలో తెలియక ఆయన భయపడుతున్నారు. అరవ పిల్లలు ఏమంటారో అని అడిగారు. నాకు తెలియదన్నాను. నిన్ను అడిగితే ఏదో ఒకటి చెప్పు. ఆయనకి కారం లేకపోతే ముద్ద దిగదు. ఒక పూట ఇంటికి పిలిచి వదినచేత మన వంట చేయించి పెట్టు. నా అన్నయ్యవని ఆయనకి చెప్పినా చెప్పకపోయినా నాకొకటే.

నా తరగతి ప్రస్తుతానికి ఐదో తరగతితో కలిపేశారు. గది సరిపోక చిట్టెమ్మా వాళ్ళూ గుమ్మం దగ్గర కూర్చుంటున్నారు.

ఫోను చెయ్యమన్నావు. చెప్పడానికి ఇంకేమీ లేదు.

సాయిదివ్య మార్చి ఇరవయ్యో తేదీ పొద్దుటి బస్సుకి కాకినాడ వెళ్ళి, అక్కణ్ణించి మద్రాసు రైలెక్కింది. మాస్టారు నిన్న రాత్రి పాండిచ్చేరి బయల్దేరారు. నేను శనివారం మధ్యాహ్నం పిల్లలు అన్నాలకి కూర్చున్నాక బళ్ళోంచి వచ్చేశాను.

తులసి